తుపాకీ దించి పలుగు పట్టిన ఇల్లు

చంద్రపూర్ అడవుల్లో వేట నుంచి నేల సంరక్షణ దాకా ఆమ్టే కుటుంబం నడిచిన దారి

మహారాష్ట్ర తూర్పు కొసన ప్రధానంగా వార్ధా, వైన్‌గంగా నదుల నడుమ విస్తరించి, దక్షిణాన తెలంగాణలోని కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాను ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో వేట చరిత్రనూ, అడవి సంరక్షణ చరిత్రనూ విడదీసి రాయడం సాధ్యం కాదు. గోండు రాజులు వేటాడిన అడవే తరువాత తెల్లదొరల షికారుకు నెలవైంది, ఆ అడవే తాడోబా జాతీయ వనమైంది, ఆ వనం అంచున ఉన్న పల్లెలే నేడు పులి పక్కన బతకడంలోని కష్టనష్టాలను మోస్తున్నాయి. శతాబ్దాల పొడవునా సాగిన ఈ మార్పు ఒకే మనిషి జీవితంలో, ఆయన భార్యాబిడ్డల జీవితాల్లో కుదించి కనిపించే సందర్భం కూడా ఈ జిల్లాలోనే ఉంది. బాబా ఆమ్టేగా లోకం ఎరిగిన మురళీధర్ దేవీదాస్ ఆమ్టే (1914–2008) కుష్ఠు రోగుల సేవకుడిగానే ఎక్కువమందికి తెలుసు గాని, ఆయన ఒకనాటి వేటగాడనీ, బంజరును సాగులోకి తెచ్చిన రైతనీ, అడవుల ముంపును ఎదిరించిన ఉద్యమకారుడనీ కలిపి చూసినప్పుడే ఆ జీవితం సంపూర్ణంగా అర్థమవుతుంది.

వేటతో ఈ ప్రాంతపు అనుబంధం నగర నిర్మాణ గాథలోనే మొదలవుతుంది. నేటి తెలంగాణలోని సిర్పూరు నుంచి రాజధానిని బల్లార్‌పూర్‌కు మార్చిన గోండు రాజు ఖాండక్యా బల్లాళ్ షా పదిహేనో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో వేటకు వెళ్లినప్పుడు, నుదుట తెల్లని మచ్చ ఉన్న ఒక కుందేలు ఆయన వేటకుక్కనే తరిమిందనీ, చాలాసేపు తిరిగిన తరువాత చివరకు కుక్క చేతిలో చచ్చిందనీ, ఆ సంగతి విన్న రాణి ఆ కుందేలు తిరిగిన దారి వెంట కోట గోడ కట్టించమని సలహా ఇచ్చిందనీ స్థానిక గాథ చెబుతుంది. చాందా అన్న పాత పేరుతో శతాబ్దాలు నిలిచిన ఈ నగరం జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అనే నాలుగు ద్వారాలతో, మైళ్ల పొడవునా సాగే రాతి ప్రాకారంతో నేటికీ కనిపిస్తుంది. రాజు వేటకు బయలుదేరడం, రాణి ఆలోచన చెప్పడం, ఆ మాట మీద ఊరు వెలవడం అన్న ఈ వరసను చరిత్రకారుడు రుజువుగా స్వీకరించకపోవచ్చు. అయినా ఒక సమాజం తన పుట్టుకను ఎలా తలచుకున్నదో చెప్పడానికి అది చాలు.

తాడోబా పేరు వెనుక కూడా ఇలాంటి గాథే ఉంది. తారూ అనే గోండు గ్రామ పెద్ద పులితో తలపడి ప్రాణం విడిచాడనీ, అతడినే జనం దేవుడిగా కొలుస్తున్నారనీ, ఆ దేవుడి పేరే చెరువుకూ అడవికీ వచ్చిందనీ చెబుతారు. చెరువు ఒడ్డున పెద్ద చెట్టు కింద అతని గద్దె ఉంది. పుష్య మాసంలో చుట్టుపక్కల పల్లెల ఆదివాసులు అక్కడికి జాతరకు వచ్చే ఆచారం ఉంది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. పులిని చంపిన వీరుడికి గుడి కట్టడం చాలా దేశాల్లో ఉన్నదే. పులి చేతిలో మరణించినవాడికి గుడి కట్టి, ఆ పులిని వెంటాడి పగ తీర్చుకోకుండా అదే అడవిలో దానితోపాటు బతుకు సాగించడం వేరే రకమైన సంస్కారం. విదర్భ పల్లెల పొలిమేరల్లో సిందూరం పూసి నిలిపే వాఘోబా విగ్రహాలు, అంటే పులి దేవుడి ప్రతిమలు, ఆ సంస్కారానికే గుర్తులు. మొహర్లీ నుంచి తాడోబా చెరువుకు వెళ్లే దారి పక్కన వరసగా నిలిచిన పాత రాతి స్తంభాలు కూడా అడవికి వచ్చిన రాచకొలువును గుర్తుచేస్తాయి. వాటి గుండా తాడు లాగి, గంటలు మోగించి రాజు రాకపోకలను ముందుగా తెలిపేవారని గైడ్లు చెబుతారు.

బ్రిటిష్ పాలనలో వేట పద్ధతి మారింది. మధ్య పరగణాల అడవులను షికారు బ్లాకులుగా విభజించి, రుసుము తీసుకుని, ఇన్ని జంతువులకు మించరాదన్న షరతుతో పర్మిట్లు ఇచ్చేవారు. పర్మిట్ పొందిన దొర చెట్టు కొమ్మల మధ్య మంచె కట్టించుకుని, దున్నపోతు దూడను ఎరగా కట్టి, పులి దాన్ని కొట్టిన కబురు రాగానే మంచె ఎక్కేవాడు. మరో పద్ధతి హాంకా. ఊరివాళ్లు అర్ధచంద్రాకారంగా నిలిచి, డప్పులు కొడుతూ, చెట్ల మొదళ్లను కర్రలతో బాదుతూ, జంతువును మంచె వైపు తోలడం దీని విధానం. ఫొటోలో పులి మీద కాలు మోపి నిలబడింది దొర. పొదలో ముందుగా అడుగుపెట్టింది, గాయపడ్డ పులి తిరగబడితే ముందుగా చిక్కింది హాంకా కూలీ. పులి ఎటు నడుస్తుందో, ఏ వాగులో పగటిపూట పడుకుంటుందో, కణుజు అరుపుకూ దుప్పి అరుపుకూ తేడా ఏమిటో తెలిసిన గోండు మనిషి పేరు ఆ షికారు పుస్తకాల్లో చాలావరకు కనిపించదు. ఇది చిన్న అన్యాయం కాదు, ఎందుకంటే తరువాతి కాలపు సంరక్షణ శాస్త్రం కూడా ఆ మనిషి జ్ఞానం మీదే నిలబడింది.

వేటగాళ్లలోనే కొందరు ముందుగా ప్రమాదాన్ని గుర్తించారన్నది కూడా నిజమే. మధ్య పరగణాల అటవీ శాఖలో పనిచేసి, 1923లో మధ్య భారత వన్యమృగాల మీద గ్రంథం ప్రచురించిన డన్‌బార్ బ్రాండర్ స్వయంగా వేటగాడు. కుమావూఁలో నరభక్షక పులులను చంపిన జిమ్ కార్బెట్ తరువాత పులి రక్షణ కోసమే గొంతెత్తాడు. అమెరికాలో ఆల్డో లియోపోల్డ్ అనే అటవీ అధికారి, వేటను జీవితాంతం ప్రేమించినవాడు, మనిషి తనను నేలకు యజమానిగా కాక ఆ నేల సమాజంలో ఒక సభ్యుడిగా భావించాలన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఆ దేశంలో 1937లో చేసిన చట్టం తుపాకులు, తూటాల మీద పన్ను వేసి ఆ సొమ్మును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. భారతదేశం ఆ దారి పట్టలేదు. తాడోబాలో 1935లోనే వేట నిషేధమైంది; 1955లో, చాందా జిల్లా ఇంకా నాటి మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉండగానే, సుమారు 116 చదరపు కిలోమీటర్ల ప్రాంతం జాతీయ వనమైంది; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశమంతటా పులి వేటకు తెర దించింది. 1973 ఏప్రిల్ 1న తొమ్మిది అభయారణ్యాలతో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు ఆ జాబితాలో తాడోబా లేదు. 1986లో పక్కనే అంధారీ అభయారణ్యం ఏర్పడి, 1995లో రెండూ కలిసి తాడోబా-అంధారీ పులుల అభయారణ్యమయ్యాయి. కిక్కిరిసిన జనాభా, పల్చబడిన అడవి ఉన్న దేశంలో నిషేధమే సరైన నిర్ణయమని గడచిన అర్ధ శతాబ్దం రుజువు చేసింది.

చిరుతతోలు సీట్ల కారు

1914 డిసెంబర్ 26న హింగన్‌ఘాట్‌లో పుట్టిన మురళీధర్ ఆమ్టే సంపన్న భూస్వామ్య కుటుంబపు పెద్ద కొడుకు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. పద్నాలుగేళ్లకే ఆ కుర్రాడికి సొంత తుపాకీ ఉండేది. అడవిపందులనూ, జింకలనూ వేటాడేవాడు. కారు నడిపే వయసు రాగానే సింగర్ అనే స్పోర్ట్స్ కారు ఇంటికి వచ్చింది, దాని సీట్లకు చిరుతతోలు తొడిగి ఉండేది. ఆ తోలు తొడుగు ఆ కాలపు భూస్వామి ఇంట అసాధారణమైన వస్తువు కాదు. అడవి మీద అధికారం ఎవరిదో చాటే అలంకారం అది. అయితే అదే వయసులో ఆ కుర్రాడు పెద్దల మాట వినకుండా పనివాళ్ల పిల్లలతో ఆడుకునేవాడు, వాళ్ల ఇళ్లలో అన్నం తినేవాడు. కులం కట్టుబాటును దాటించిన ఆ తెగువ, అడవిలో ఒంటరిగా తిరగగలిగిన ఆ తెగువ ఒకే స్వభావంలో పుట్టినవని తరువాతి జీవితం చెబుతుంది.

న్యాయశాస్త్రం చదివి వరోరాలో వకీలుగా స్థిరపడిన ఆమ్టే 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో అరెస్టయిన నాయకుల తరఫున వాదించడానికి న్యాయవాదులను కూడగట్టారు. సేవాగ్రామ్ ఆశ్రమంతో పరిచయం ఆయన జీవన విధానాన్ని మార్చింది. రైల్లో ఒక యువతిని వేధిస్తున్న తెల్ల సైనికులను ఎదిరించినందుకు గాంధీజీ ఆయనను అభయ సాధకుడని పిలిచారు. 1946లో ఇందు ఘులేశాస్త్రితో వివాహమైంది. ఆమే తరువాత సాధనాతాయి. వరోరాలో పాకీపనివారి సంఘానికి నాయకత్వం వహించి, వారి పని తానూ చేస్తూ మలం మోసిన రోజుల్లోనే ఒక వానరాత్రి రోడ్డు పక్కన కుష్ఠుతో కృశించి, మరణానికి చేరువైన తుల్సీరామ్ అనే మనిషిని చూసి ఆమ్టే భయంతో పారిపోయారు. పులికీ, తుపాకీ పట్టిన సైనికుడికీ బెదరని మనిషి వేళ్లు లేని ఒక నిస్సహాయుడిని చూసి పరుగెత్తడం ఆయనను నిద్రపోనివ్వలేదు. తిరిగి వెళ్లి ఆ మనిషికి సేవ చేశారు. కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో 1949లో కుష్ఠు చికిత్సలో శిక్షణ పొందారు. వేటగాడి ధైర్యం తన బలం మీద ఆధారపడుతుంది. ఆమ్టే ఆ తరువాత అలవరచుకున్న ధైర్యం ఎదుటివాడి బలహీనతను చూడగలగడం మీద ఆధారపడింది. ఆయన జీవితంలోని అసలు మలుపు ఇదే.

పలుగు, బావి, నేల

వరోరా శివార్లలో ప్రభుత్వం ఇచ్చిన 50 ఎకరాలు ఎవరూ కోరని నేల. రాళ్లూ రప్పలూ, ముళ్లపొదలూ, పాములూ తేళ్లూ తప్ప మరేమీ లేని చోటు. ఆరుగురు కుష్ఠు రోగులు, ఒక కుంటి ఆవు, ఒక కుక్క, చేతిలో 14 రూపాయలు, భార్య, ఇద్దరు పసివాళ్లతో ఆమ్టే అక్కడ కాపురం పెట్టారు. 1951 జూన్‌లో వినోబా భావే చేతుల మీదుగా ఆనందవన్ ప్రారంభమైంది. తొలి పని నీటి కోసం బావి తవ్వడం. కుష్ఠు నరాలను మొద్దుబారుస్తుంది. స్పర్శ పోయిన అరచేతికి పలుగు పిడి ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు, నొప్పి తెలియదు కనుక చేయి వెనక్కి తీసుకోవడం ఉండదు, ఆ పుండు ముదిరి వేలు పోతుంది. కాబట్టి అలాంటి చేతులతో రాతినేల తవ్వడమంటే ప్రతి పూటా అరచేతులు కళ్లతో చూసుకుంటూ, కట్లు కట్టుకుంటూ, పనిముట్టు పట్టే తీరు మార్చుకుంటూ చేయవలసిన సాధన. అలా తవ్విన బావిలో నీరు పడింది. ఆ నీటితో పండిన కూరగాయలను వరోరా బజారులో కొనడానికి తొలినాళ్లలో జనం ముందుకు రాలేదు. 1954లో సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థకు చెందిన విదేశీ యువ స్వచ్ఛంద సేవకులు వచ్చి ఆ రోగుల పక్కన కూర్చుని తిని, పని చేసి, భవనాలు కట్టిన తరువాతే ఊరివాళ్ల జంకు సడలింది.

సంరక్షణ అన్న మాటను సాధారణంగా ఉన్న అడవిని కాపాడడమనే అర్థంలో వాడతారు. చచ్చిన నేలకు ప్రాణం పోయడం కూడా సంరక్షణేనని ఆనందవన్ నిరూపించింది. దానం మనిషిని దిగజారుస్తుందనీ, పని నిలబెడుతుందనీ ఆమ్టే నమ్మకం. మనిషి విషయంలో ఎంత నిజమో నేల విషయంలోనూ ఆయన దాన్ని అంతే నిజంగా పాటించారు. పెద్ద కొడుకు డాక్టర్ వికాస్ ఆమ్టే కాలంలో వాడిపారేసిన లారీ టైర్లనూ, ప్లాస్టిక్ సంచులనూ పేర్చి చిన్న చెక్‌డ్యాములు, అంటే వాగునీటిని ఆపి భూమిలోకి ఇంకించే అడ్డుకట్టలు, కట్టారు. వానపడ్డ చుక్కను వరోరా దాటనివ్వని చెరువులు వెలిశాయి. 1967లో మూల్ పట్టణానికి చేరువలో, తాడోబా అడవుల అంచున సోమనాథ్ అనే చోట మరో వ్యవసాయ క్షేత్రం మొదలైంది. అక్కడ ఏటా మే నెల మండుటెండల్లో సాగే శ్రమ సంస్కార శిబిరానికి మహారాష్ట్ర నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చి మట్టి పని చేస్తారు. అడవి మొదలయ్యే చోట పొలం ఎలా ఉండాలో చెప్పే పాఠశాల అది.

బియ్యం ఇచ్చి తీసుకున్న కోతిపిల్ల

1973 డిసెంబర్‌లో, గడ్చిరోలీ ఇంకా చంద్రపూర్ జిల్లాలో అంతర్భాగంగా ఉన్న రోజుల్లో (అది 1982 ఆగస్టు 26న విడివడింది), ఇంద్రావతికి చేరువలో భామ్రాగడ్ దగ్గరి హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ అనే సేవాకేంద్రం ఆరంభమైంది. చిన్న కొడుకు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, ఆయన భార్య డాక్టర్ మందాకిని నాగపూర్‌లో చదివిన వైద్యులు. రోడ్డూ కరెంటూ లేని ఆ చోట గుడిసెలో కాపురం పెట్టి, చెట్టు కింద వైద్యం మొదలుపెట్టారు. అక్కడి ప్రజలు మాడియా గోండులు. వాళ్లకు వేట వినోదం కాదు. ఏడాదిలో పొట్ట నిండా గింజలు దొరికే నెలలు కొన్నే గనుక విల్లూ బాణంతో, ఉచ్చులతో దొరికిన ప్రతి ప్రాణినీ తినవలసిన అవసరం.

ఒకనాడు అడవిదారిలో మాడియా వేటగాళ్లు ఒక కోతిని చంపి కర్రకు కట్టి మోసుకువస్తుండగా ప్రకాశ్ దంపతులు ఎదురయ్యారు. చచ్చిన తల్లిని కరుచుకుని ఉన్న పిల్ల ఇంకా బతికే ఉంది, తల్లి రొమ్ములో పాలు వెతుక్కుంటోంది. ఆ పిల్లను కూడా తినబోతున్నామని వేటగాళ్లు దాపరికం లేకుండా చెప్పారు. ప్రకాశ్ వాళ్లను తిట్టలేదు, పాపమని ఉపదేశించలేదు. బియ్యం ఇచ్చి పిల్లను తీసుకున్నారు. దానికి బబ్లీ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి తల్లిని కోల్పోయిన పిల్ల దొరికితే హేమల్‌కసాకు తెచ్చి, బదులుగా ధాన్యమో బట్టో తీసుకుపోవడం ఆ చుట్టుపక్కల ఆచారమైంది. చిరుతలు, ఎలుగుబంట్లు, మొసళ్లు, దుప్పులు, నెమళ్లు, పాములు ఆ ఇంటి ఆవరణలో చేరాయి; ప్రకాశ్ చిరుతను వెంటబెట్టుకుని నదికి నడిచే దృశ్యం ఆ ప్రాంతంలో మామూలైపోయింది. తాత వేటాడిన జాతి జంతువుల నడుమే మనుమలు పెరిగి, ఆ పనినే కొనసాగించారు. ప్రకాశ్, మందాకిని ఆమ్టేలకు 2008లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఇరవై మూడేళ్ల కిందట 1985లో తండ్రి అందుకున్నదీ అదే పురస్కారం.

ఆ కోతిపిల్ల మార్పిడిలో సంరక్షణ విధానాలు రాసేవారు నేర్చుకోవలసిన విషయం ఉంది. ఆకలి తీరని చోట నిషేధం ఒక్కటే పనిచేయదు. కడుపు నింపే మరో దారి చూపినప్పుడు, వేటగాడు తన అడవి జ్ఞానాన్ని ఏ మాత్రం వదులుకోకుండానే బాణం దించుతాడు. హేమల్‌కసాలో పాఠశాలా, ఆసుపత్రీ, పంటలూ, అనాథ జంతువుల ఆవరణా ఒకే ప్రాంగణంలో ఉండడం ఏదో కలిసివచ్చిన సంగతి కాదు. మొదటి మూడూ లేకపోతే నాలుగోది నిలిచేది కాదు.

గోదావరి మీద కట్టని ఆనకట్ట

ఆమ్టే కుటుంబ చరిత్ర తెలుగునేలను నేరుగా తాకే ఘట్టం 1980ల్లో వచ్చింది. గోదావరి మీద ఇచ్చంపల్లి వద్ద, ఇంద్రావతి మీద భోపాల్‌పట్నం వద్ద తలపెట్టిన భారీ ఆనకట్టలు కడితే మాడియా గోండుల పల్లెలూ, లక్షల చెట్లున్న అడవులూ మునుగుతాయని గుర్తించిన బాబా ఆమ్టే 1984లో జంగిల్ బచావో, మానవ్ బచావో ఉద్యమం సాగించారు. అప్పటికే వెన్నెముక వ్యాధి ఆయనను కూర్చోనివ్వదు. నిలబడి నడవాలి, లేదా పడుకోవాలి. ఆ స్థితిలోనే 1985–86లో కన్యాకుమారి నుంచి కశ్మీర్ దాకా భారత్ జోడో యాత్ర చేశారు, 1990లో ఆనందవన్ విడిచి నర్మదా తీరానికి వెళ్లి ఏళ్ల తరబడి ముంపువాసుల మధ్య ఉన్నారు. ఇచ్చంపల్లి, భోపాల్‌పట్నం ఆనకట్టలు నేటికీ కట్టలేదు. గోదావరి జలాలను దక్షిణానికి మళ్లించే ప్రణాళికల్లో ఇచ్చంపల్లి పేరు మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంది. 2008 ఫిబ్రవరి 9న ఆనందవన్‌లో కన్నుమూసిన ఆమ్టే దేహాన్ని దహనం చేయకుండా, ఆయన కోరిక ప్రకారం, అదే నేలలో పూడ్చిపెట్టారు.

చంద్రపూర్ నేలకు ముప్పు నీటి నుంచి కన్నా నిప్పు నుంచి ఎక్కువ. ఇక్కడి భూమి కింద బొగ్గు ఉంది. నగరాన్ని ఆనుకునే గనులూ, భారీ థర్మల్ విద్యుత్ కేంద్రమూ ఉన్నాయి. ఆ గనుల కోసమూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లు కోసమూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాడోబాకు చేరువలోని లోహారా అడవిలో బొగ్గు గని ప్రతిపాదన వచ్చినప్పుడు 2009లో స్థానిక సంస్థ ఎకో-ప్రో నాయకుడు బండూ ధోత్రే నిరాహార దీక్ష చేశారు, కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రతిపాదనను ముందుకు సాగనివ్వలేదు. ఆ సంస్థ యువకులే తరువాత గోండు కోట ప్రాకారం మీద పేరుకున్న చెత్తా చెదారాన్ని నెలల తరబడి తొలగించారు. కుందేలు గాథతో మొదలైన గోడనూ, తారూ దేవుడి అడవినీ ఒకే వారసత్వంగా భావించే తరం ఇంకా ఉందనడానికి ఇది నిదర్శనం.

పచ్‌గావ్ గ్రామసభ

నేల సంరక్షణకు కుటుంబం ఎంత అవసరమో, గ్రామమూ అంతే అవసరం. గోండ్‌పిప్రీ తాలూకాలోని చిన్న ఆదివాసి పల్లె పచ్‌గావ్ 2006 అటవీ హక్కుల చట్టం కింద 2012లో సుమారు వెయ్యి హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. సామూహిక అటవీ వనరుల హక్కు అంటే ఆ అడవిని వాడుకోవడమే కాదు, దాన్ని కాపాడే, నిర్వహించే అధికారం కూడా గ్రామసభకు దఖలు పడడం. పచ్‌గావ్ గ్రామసభ వెదురును తానే నరికి, తానే అమ్మి, ఊరివాళ్లకు ఏడాది పొడవునా పని కల్పించింది. వంతులవారీగా అడవి కాపలా పెట్టుకుంది. దేవతావనంగా కొంత భాగాన్ని ఏ కోతకూ అందకుండా విడిచిపెట్టింది.

ఇవన్నీ ఒక ఎత్తు, తునికాకు సేకరణ మానుకోవడం మరో ఎత్తు. బీడీలకు వాడే ఈ ఆకు వేసవిలో ఆదివాసులకు నగదు తెచ్చే ముఖ్య ఆధారం. అయితే లేత ఆకు బాగా రావాలని కొమ్మలు కొట్టడం, అడవికి నిప్పు పెట్టడం వాడుకలో ఉంది. చెట్టు గాయపడుతుంది, మనుషులూ పక్షులూ తినే తునికి పండు దక్కదు. ఆ లెక్క తామే వేసుకుని, ఎవరూ ఆదేశించకుండానే, వచ్చే డబ్బును వదులుకున్న ఊరు అది. పొరుగు గడ్చిరోలీ జిల్లాలో 2009లోనే ఇలాంటి హక్కు సాధించిన మెండా-లేఖా గ్రామం దేశమంతటా పేరు పొందింది. పచ్‌గావ్‌కు అంత ప్రచారం దక్కలేదు గాని, తునికాకు విషయంలో అది చూపిన నిగ్రహం అరుదైనది.

దీనికి భిన్నమైన అనుభవం అభయారణ్యం లోపలి పల్లెలది. బోటెఝరీ, నవేగావ్, జామ్ని వంటి గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఒకప్పటి వరి మళ్లలో గడ్డి పెరిగి, దుప్పులూ అడవి దున్నలూ మందలుగా మేస్తున్నాయి, వాటి వెనుక పులి వచ్చింది. పులికి ఇది మేలు చేసిందనడంలో సందేహం లేదు. ఆ మేలు కోసం తాతముత్తాతల ఇప్పచెట్టునూ, పెన్ అని పిలిచే కులదైవం గద్దెనూ విడిచి వెళ్లిన కుటుంబాల త్యాగాన్ని సఫారీ జీపులోంచి ఆ గడ్డిమైదానాన్ని చూసి మురిసిపోయే యాత్రికుడు తలచుకోవడం కనీస ధర్మం.

ప్రాణహిత దాటే పులి

మహారాష్ట్రలో పులుల సంఖ్య 2006 అంచనాలో 103. 2022 అంచనాలో 444. ఈ పెరుగుదలలో సింహభాగం చంద్రపూర్‌దే. అభయారణ్యం వెలుపల, బ్రహ్మపురి అటవీ డివిజన్‌లో పల్లెల, పొలాల నడుమ కూడా పులులు కాపురం పెట్టాయి. 2024లో చంద్రపూర్ నుంచి రెండు ఆడపులులను ఒడిశాలోని సిమిలిపాల్‌కు పంపారు. పెరిగిన సంఖ్యకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో 2025 మే 10న సిందేవాహీ పరిసరాల్లో తెలిసింది. తునికాకు కోతకు వెళ్లిన ముగ్గురు స్త్రీలు ఒకే రోజు పులి దాడిలో మరణించారు. తునికాకు మోకాలి ఎత్తు పొదల నుంచి కోస్తారు. వంగి, తల దించి, తెల్లవారుజామున కదిలే మనిషి పులికి మనిషిగా కనిపించదు. వేసవిలో ఇప్పపూలు ఏరేవారి పరిస్థితీ అదే. పొలాల చుట్టూ అక్రమంగా పెట్టే కరెంటు తీగలకు జంతువులూ మనుషులూ బలికావడం ఈ సంఘర్షణకు మరో ముఖం.

పెరిగిన పులులు కొత్త చోటు వెతుక్కుంటూ కన్హర్‌గావ్, రాజురా అడవుల మీదుగా వార్ధా, ప్రాణహిత నదులు దాటి సిర్పూరు, కాగజ్‌నగర్ అడవులకు చేరుతున్నాయి. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి కాగజ్‌నగర్ అడవిలో పిల్లలను కన్న ఫాల్గుణ అనే ఆడపులి వల్లనే ఆ ప్రాంతంలో పులి మళ్లీ స్థిరపడింది. ఆ దారి చివర ఉన్న కవ్వాల్ 2012లో పులుల అభయారణ్యమైంది. తాడోబా, కవ్వాల్‌ల మధ్య ఉన్న ఈ కారిడార్, అంటే రెండు పెద్ద అడవులను కలిపే నడవ, తెగిపోతే కవ్వాల్‌కు పులి రాదు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో పులులు విషప్రయోగానికి బలయ్యాయి. అదే ఏడాది నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలోనే పత్తి చేనులో ఒక యువతి పులి దాడిలో ప్రాణం కోల్పోయింది. ఈ రెండు ఘటనలకూ కారణం ఒకటే: నడవ మ్యాపు మీద ఉంది గాని, దాని మీద బతికే మనుషులతో ఒప్పందం లేదు.

2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ద్వారా సుమారు 1,493 చదరపు కిలోమీటర్లను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. తమను అడగకుండానే తమ నేల మీద నిర్ణయం జరిగిందని ఆదివాసులు ఆందోళనకు దిగడంతో జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేసింది. నీరు, అడవి, భూమి మీద హక్కు కోసం 1940లో ప్రాణమిచ్చిన మనిషి పేరు పెట్టిన రిజర్వు విషయంలో ఆ ప్రజలనే సంప్రదించకపోవడం పెద్ద పొరపాటు. ఆ నడవ అవసరమన్నది నిజం, పులి వస్తుందన్నది కూడా నిజం. కాబట్టి ఆ ఉత్తర్వు మళ్లీ వెలువడే ముందు ప్రతి గ్రామసభ ముందూ దాన్ని చర్చకు పెట్టాలి. పచ్‌గావ్ తరహా సామూహిక అటవీ హక్కు పత్రాలు ముందుగా చేతికివ్వాలి. పశువు పోయినా మనిషి పోయినా పరిహారం వారాల్లో అందాలి. పులి జాడ పట్టే పనిలో ఆ ఊళ్ల యువకులకే జీతమిచ్చి ఉద్యోగాలివ్వాలి. సెలవుల్లో తాడోబాకు వెళ్లి పులిని చూసి వచ్చే తెలుగు పాఠకులు అదే పులి కాగజ్‌నగర్ వస్తే ఏం చేయాలో తమ ప్రజాప్రతినిధులను ఇప్పుడే అడగాలి.